మస్తాన్‌బీ నల్ల పులుసు

పుష్యమాసం మొదటి శుక్రవారం పొద్దున పదకొండున్నరకు, నెల్లూరులో ఇనుప సామాన్ల వీధిలో, తన అంగడి ముందర నిలబడి మస్తాన్‌బీ "నేను చెప్పింది తప్పు" అన్నది. ఇంట్లో చెప్పలేదు, చెవిలో చెప్పలేదు. వీధిలో చెప్పింది. అది జరిగి పదేళ్ళు దాటింది. మొన్న మా పొరుగింటి కొత్త కోడలు ఇనుప మూకుట్లో చింతపండు పులుసు పోసి పొయ్యి మీద పెట్టింది. కాగే పులుపులోకి ఇనుము దిగేటప్పుడు ఒక వాసన వస్తుంది. పాత రేకుకు నాలుక ఆనించినట్టుంటుంది. నేను ఇప్పుడు ఉంటున్నది దొరవారిసత్రం దగ్గర, సరస్సు ఒడ్డు పల్లెలో. ఉప్పుగాలిలో కలిసి ఆ వాసన మా వాకిట్లోకి వచ్చేసరికి చీపురు పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాను. "ఏందవ్వా, కళ్ళు తిరిగినాయా?" అని మనవరాలు పరిగెత్తుకొచ్చింది. లేదు, ఒక మనిషి గుర్తొచ్చిందని చెప్పాను. ఎవరని అడిగింది. చెప్పబోతే పిల్లకు నిలిచి వినే ఓపిక లేకపోయింది. అందుకని రాస్తున్నాను.

నా పేరు కోటమ్మ. పుట్టిందీ మెట్టిందీ సంగం దగ్గర ఒకే పల్లెలో. మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. నన్ను అడిగి చేయలేదు. మా ఇళ్ళలో ఆడపిల్లను అడిగే అలవాటు అప్పుడు లేదు. ఆయన మంచివాడు, అది వేరే సంగతి. మా బిడ్డ పెంచలమ్మ చిన్నదిగా ఉండగానే పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయినాడు. మడి పని ఏడాది పొడుగునా ఉండదు, ఉన్నప్పుడు కూడా మగదిక్కు లేని మనిషిని కడపటనే పిలుస్తారు. బిడ్డను చంకనేసుకుని నెల్లూరు వచ్చాను. పని కోసం వీధులు తిరుగుతుంటే, మూకుళ్ళు, పెనాలు, అట్లకాడలు కుప్పగా పోసిన ఒక అంగడి ముందు పొడుగాటి ముసల్మాను ఆడమనిషి గొంతుక్కూర్చుని ఇటుక పొడితో మూకుడు తోముతూ కనిపించింది. పని ఉందా అని అడిగాను. ఆమె తలెత్తి నన్ను చూసి, మసిచెయ్యి చీరకు తుడుచుకుని లేచి, నా కంటి కింది రెప్ప పట్టి కిందికి లాగింది.

"సున్నం మాదిరి ఉండాది. నీకు రక్తం లేదు మే" అన్నది. "పనికి రేప్పొద్దున రా. ఈ పూట ఈడ తినిపో."

మస్తాన్‌బీని నేను మొదట చూసింది అలా. పేరైనా అడగకముందే రెప్ప లాగి చూసింది. తర్వాత తెలిసింది, ఆమె అందర్నీ అలాగే చూస్తుందని. మూకుడు బేరానికొచ్చిన కోడళ్ళనూ, చేపలమ్మే చెంగమ్మనూ, ఎదురుగా టీ బంకు పెట్టుకున్న రమణయ్యనూ వదిలేది కాదు. రమణయ్య అయితే ఆమె వస్తుంటేనే రెండు చేతులతో కళ్ళు మూసుకుని, "నాకు నిండా రక్తమే బూబమ్మా, దోమలనడుగు" అనేవాడు.

ఆ అంగడిలో నా పని కొత్త మూకుళ్ళను వంటకు లొంగదీయడం. సమ్మెట దెబ్బలు తిని వచ్చిన మూకుడు నల్లటి పొరతో, జిడ్డుతో ఉంటుంది. ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి తోమాలి. బియ్యం కడిగిన నీళ్ళు పోసి కాచాలి, పారబోయాలి, మళ్ళీ కాచాలి. ఎండబెట్టి నూనె పట్టించాలి. తొందరపడి మొదటి రోజే చేతికిస్తే కొన్న మనిషి తెల్లారి తిరిగొచ్చి మొహాన కొడుతుంది. "కొత్త మూకుడు కొత్త ఎద్దు మాదిరి మే. వచ్చిన్నాడే కాడి కడితే తంతాది" అని మస్తాన్‌బీ చెప్పేది. ఆమె భర్త కొలిమి మనిషి. ఆయన పోయాక కొలిమి ఆర్పేసి, బయట చేసినవి తెచ్చి అమ్మేవాళ్ళు. కొడుకు కరీమ్ గల్లా దగ్గర కూర్చునేవాడు. మెతక మనిషి, గిరాకీతో కూడా తలొంచుకుని మాట్లాడేవాడు. వాళ్ళమ్మ గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది.

ఇక పులుసు సంగతి. నెల్లూరులో చేపల పులుసు అంటే మట్టి చట్టిలో కాయాలి, మామిడికాయ ముక్కలు పడాలి, ఎర్రగా ఉండాలి. మస్తాన్‌బీ ఇనుప మూకుట్లో కాచేది. చింతపండు ఎక్కువ పోసి, కాగిన తర్వాత కూడా అందులోనే వదిలేసి, నల్లబడ్డాక వడ్డించేది. మొదటి రోజు నా గిన్నెలో పోసింది చూసి ఇది పులుసో తారో తెలియలేదు. నోట్లో పెట్టుకుంటే మేకు చప్పరించినట్టుంది. చెంగమ్మ రోజూ చేపల గంప దించి ఈ ఘోరం చూసి నెత్తి కొట్టుకునేది.

"పొద్దున్నే సముద్రం నుంచి వచ్చిన చేపను తెచ్చిస్తుండానే, దీనికి ఇదేం కర్మ? బతికుంటే మళ్ళీ నీళ్ళలోకి దూకుతాది" అనేది.

"నీకు రుచి కావాల. నాకు రక్తం కావాల. నోరు మూసుకొని తిను" అనేది మస్తాన్‌బీ.

అది పిచ్చి కాదు. ఆమెకు కరీమ్ కంటే పెద్దది ఒక కూతురు ఉండేదట. తొలికాన్పులో రక్తం చాలక పోయింది. అప్పుడు ఆసుపత్రి నర్సమ్మ ఒకామె, "ఇంటి నిండా ఇనుముంది, పిల్ల ఒంట్లో లేకపోయెనే" అని, పుల్లటి కూరలు ఇనుప గిన్నెలో వండితే కొంత ఇనుము కూట్లోకి దిగుతుందనీ, తిన్న వెంటనే టీ తాగితే దాన్ని ఒంటికి పట్టనీయదనీ చెప్పిందట. చెప్పేసరికి ఆలస్యమైంది. ఆ రోజు నుంచి మస్తాన్‌బీ ఇంట్లో మట్టి చట్టి పొయ్యి ఎక్కలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక రమణయ్య టీ గ్లాసులు పట్టుకుని వీధి దాటితే గరిటె చూపించి వెనక్కి పంపేది. తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళెవరూ తెల్లటి రెప్పలతో ఉండకూడదని ఆమె పంతం. పంతం నెగ్గింది కూడా. నాకు మెట్టెక్కితే ఆయాసం వచ్చేది, కొన్నాళ్ళకు పోయింది. నాతో పనిచేసే మరొకామెకు గోళ్ళు విరిగిపోయేవి, అవీ బాగుపడ్డాయి. కళ్ళారా చూశాం కాబట్టి నమ్మాం. ఆమె మూకుడు అమ్మేటప్పుడు "తీసుకోండి, రక్తం పడతాది" అంటే కొన్నవాళ్ళూ నమ్మారు. అబద్ధం చెప్పి అమ్మే మనిషి కాదు. ఆమె కళ్ళతో చూసిందే ఆమెకు నిజం. అక్కడే చిక్కొచ్చింది.

మా పెంచలమ్మ పుట్టినప్పటి నుంచి పాలిపోయిన పిల్ల. బళ్ళో అందరికీ ఇనుము మాత్రలు ఇచ్చేవాళ్ళు. అందరు పిల్లలూ మింగి తేరుకుంటే ఇది మాత్రం ప్రార్థన వరుసలో కూలబడేది. మాత్రలు పారేస్తున్నావని టీచరమ్మ మందలించేది. నేను దాచకుండా చెబుతాను: ఇనుము మాత్ర మింగినవాళ్ళకు దొడ్డికి నల్లగా వస్తుంది. నా బిడ్డకు వచ్చేది. కడిగిన తల్లిని నాకు తెలియదా? ఆ మాట బళ్ళో చెబితే టీచరమ్మ ముక్కు మూసుకుంది కానీ చెవి పెట్టలేదు. పెద్దదయ్యాక, కాలేజీలో చేరాక, మధ్యాహ్నం అంగడికి వచ్చి మాతోపాటు తినేది. ఇద్దరి పులుసు దానికొక్కదానికే పోసేది మస్తాన్‌బీ. నెలలు గడిచాయి. రెప్ప లాగి చూసేది, వదిలేసేది. మళ్ళీ లాగేది.  లాగినప్పుడల్లా నాకు భయమేసేది.

పెంచలమ్మ సిగ్గరి. వీధిలోకి కనబడేలా కూర్చుని తినడం ఇష్టం లేక గిన్నె తీసుకుని అంగడి వెనక కుళాయి దగ్గరికి పోయేది. అక్కడ ఒక ఎర్ర కుక్క ఉండేది. బాగా బలిసి, ఒళ్ళు నిగనిగలాడుతూ ఉండేది. ఒకరోజు చెంగమ్మ గంప దించుతూ, ఉత్త పరాచికానికి, "మస్తానక్కా, నీ రక్తం పులుసు యాడికి పోతుండాదో తెలిసింది. ఆ కుక్కను చూడు, పెండ్లికొడుకు మాదిరి ఎట్ట మెరుస్తుండాదో!" అన్నది. రమణయ్య పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మస్తాన్‌బీ నవ్వలేదు. చేతిలో మూకుడు కింద పెట్టింది. కుక్కను చూసింది, నా బిడ్డను చూసింది. అంతకాలం అర్థం కానిదేదో ఆ క్షణంలో అర్థమైపోయినట్టు ఆమె మొహం మారిపోయింది.

"పెంచలా, ఇట్టరా" అని పిలిచింది. పిల్ల వచ్చింది. "నా మూకుడు ఈమెకు రక్తమిచ్చింది, ఆమెకిచ్చింది. నీకెందుకు ఇయ్యలా? కుక్కకు పోస్తివా?"

"లేదు బూబమ్మా. నేనే తిన్నా."

"మాత్రలూ నువ్వే తింటివి. పులుసూ నువ్వే తింటివి. మరి యాడికి పోయింది? ఇనుము అబద్ధం చెప్పదు. నువ్వే చెప్తుండావు. దొంగతనంగా పారబోసి ఎదురుగా వచ్చి మూతి తుడుచుకుంటుండావు. నా బిడ్డ ఇట్టనే, ఆసుపత్రోళ్ళిచ్చిన టానిక్కు చేదుగా ఉండాదని చెప్పకుండా పారబోసి పారబోసి మట్టిలోకి పోయింది."

వీధి వీధంతా ఆగి చూసింది. నేను అడ్డం పోబోయాను. పెంచలమ్మ నన్ను పక్కకు నెట్టింది. అది ఎప్పుడూ గొంతెత్తే పిల్ల కాదు. ఆ రోజు "కడుపు కోసి చూపియ్యమంటావా బూబమ్మా? నన్ను ఎవురూ నమ్మరా?" అని అరిచింది. అరిచేసరికే దానికి ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని కూర్చుంది.

మూడు రోజులు అంగడికి రాలేదు. కాలేజీలో కూడా ఎవరితోనో ఎవరో చెప్పారు, "కుక్కకు పెట్టే పిల్ల" అన్నారట. ఇంట్లో గోడకు తిరిగి పడుకునేది. ఒంట్లో రక్తం లేకపోయినా ఎన్నాళ్ళో నెట్టుకొస్తారు. మాటకు విలువ లేకపోతే ఆడపిల్ల నిలబడలేదు, దాన్ని చూసి నాకు అర్థమైంది. నాలుగో రోజు తానే లేచింది. తిన్నగా అంగడికి పోయి, మస్తాన్‌బీ ఎదురుగా గొంతుక్కూర్చుని, "నీ కళ్ళ ముందరే తింటా. పొద్దున నీ ఇంట్లో, మధ్యానం ఈడ. మాత్ర కూడా నువ్వే నా నోట్లో వెయ్యి. టీ చుక్క ముట్టను. అప్పటికీ తెల్లగానే ఉంటే ఏమంటావు?" అని అడిగింది.

మస్తాన్‌బీ ఒక గిన్నె తీసి దాని ముందర పెట్టింది. "సరే, కూర్చో" అన్నది.

రంజాను పండగ అయిన మర్నాటి నుంచి బక్రీదు దాకా ఆ పంతం నడిచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు.  మెతుకు మిగలకుండా తినేది నా బిడ్డ. గిన్నె బోర్లించి చూసేది ఆమె. బక్రీదుకు వచ్చిన వేట మాంసంలో కాలేయమంతా పెంచలమ్మకే వండింది. ఆ పండగ వారం దాటాక ఒక పొద్దున రెప్ప లాగి చూసింది. వెలుతురు చాలలేదేమోనని ఎండలోకి తీసుకుపోయి మళ్ళీ చూసింది. తర్వాత తన రెప్ప తానే లాగి అద్దంలో చూసుకుంది. నేను మూకుడు తోముతూ అంతా చూస్తున్నాను. మస్తాన్‌బీ లోపలికి పోయి బురఖా వేసుకుని వచ్చింది.

"కరీమూ, అంగడి చూసుకో. కోటమ్మా, లెయ్. ఆసుపత్రికి పోదాం" అన్నది. ఆటోలో కూర్చున్నాక ఆమె అన్న మాట ఒక్కటే: "బిడ్డ నిజం చెప్తుండాది. మనకు తెలియంది ఏదో ఉండాది."

పెద్ద ఆసుపత్రిలో రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ సుచరిత గారు చిన్న వయసావిడ. నిదానస్తురాలు. నులిపురుగులు చూశారు, ఎక్కడైనా రక్తం కారుతోందేమో చూశారు, పుట్టుకతో వచ్చే వేరే రక్తం జబ్బుకు కూడా పరీక్ష చేశారు. ఏవీ కావన్నారు. ఫోనులో రెండు బొమ్మలు తెరిచి మాకు చూపించారు. ఒకదాంట్లో ఎర్ర కణాలు బిళ్ళల్లా నిండుగా ఉన్నాయి. రెండోది పెంచలమ్మది. కణాలున్నాయి, కాని చిన్నవి. నడుమ వెలిసిపోయి, అంచున మాత్రం రంగు. "కణాలు తయారవుతూనే ఉన్నాయి. లోపల నింపడానికి ఇనుము అందడం లేదు" అన్నారు.

"అమ్మా, పిల్ల తింటా ఉండాది. నేనే సాక్ష్యం" అన్నది మస్తాన్‌బీ. రెండున్నర నెలల ముందు దొంగ అన్న నోరే అది. "రోజూ నా ఎదురుగా తినింది. నా మీద ఒట్టు."

"నమ్ముతాను" అన్నారు డాక్టరమ్మ. "తిన్నా ఎక్కని వాళ్ళు అరుదుగా ఉంటారు." తర్వాత నా వైపు తిరిగి, "మీ ఆయన మీకు పెళ్ళికి ముందు ఏమవుతారు?" అని అడిగారు.

"మా మేనమామ" అన్నాను. ఆమె తల ఊపి, పెంచలమ్మ రక్తం కొంచెం వేరే సీసాలోకి తీయించి పట్నం పంపించారు. జవాబు రావడానికి వారాలు పట్టింది. వచ్చాక మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను. మనం తిన్న ఇనుము పేగు గోడ దాకా వస్తుంది. అక్కడి నుంచి రక్తంలోకి దాటడానికి ఒక దారి ఉంది. ఒంట్లో ఇనుము చాలినప్పుడు కాలేయం ఒక పదార్థాన్ని వదిలి ఆ దారి మూయిస్తుంది. చాలనప్పుడు ఆ పదార్థం తగ్గాలి, దారి తెరుచుకోవాలి. తగ్గించే పని ఒక జన్యువుది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అందుకే నాకూ మా ఆయనకూ ఏ జబ్బూ తెలియలేదు. మేము ఒకే ఇంటి రక్తం కావడంతో ఇద్దరిలోనూ అదే లోపం ఉంది, పెంచలమ్మకు రెండూ చెడినవే వచ్చాయి. దారి ఎప్పుడూ మూతే.

నేను కాలువ కింద బతికిన మనిషిని. "కాలువ నిండా నీళ్ళుండాయి, మడి ఎండిపోతా ఉండాది. ఎండిందని తూము చూసుకునే లస్కరుకు చెప్పేవాడు లేక తూము ఎత్తలేదు. అంతేనామ్మా?" అని అడిగాను.

"ఇంచుమించు అంతే. ఇంకొకటి కూడా ఉంది" అన్నారు ఆమె. "ఒంట్లో దాచుకున్న ఇనుము బయటికి రావాలన్నా అదే దారి. అదీ సరిగా తెరుచుకోదు. కాబట్టి నరానికి సూదిమందుగా ఇనుము ఎక్కిస్తాం, కొంత మెరుగవుతుంది. పూర్తిగా అందరిలా అవుతుందని మాత్రం నేను చెప్పను."

 మస్తాన్‌బీ మెల్లగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. "మరి నా మూకుడు?" అని అడిగింది.

"మంచిదే. చాలామందికి మేలు చేస్తుంది. ఈ పిల్లకు చేయదు" అన్నారు డాక్టరమ్మ.

అది గురువారం. మర్నాడు పొద్దున నేను అంగడికి పోయేసరికి మస్తాన్‌బీ బయట నిలబడి ఉంది. పెంచలమ్మను కూడా తీసుకురమ్మని నాకు ముందే కబురు పెట్టింది. చెంగమ్మను గంప దించి నిలబడమన్నది. రమణయ్యను పొయ్యి తగ్గించి రమ్మన్నది. కరీముకు విషయం తెలిసి గల్లా వదిలి వచ్చాడు.

"అమ్మా, పిల్లకు లోపల చెప్పరాదా? ఈదిలో ఎందుకు? మన మూకుడుతో రక్తం పడలేదని అంటే రేపు ఎవరు కొంటారు?" అన్నాడు. పాపం, అతని భయంలో తప్పు లేదు. అప్పుడే ఒక రైతు మూకుడు రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు కూడా.

"లోపల తిట్టినానా? ఈడ తిట్టినా" అన్నది మస్తాన్‌బీ. "ఈడ పడేసింది ఈడనే ఎత్తాల. లోపలికి పోయి ఎత్తితే దొరకతాదా?"

తర్వాత పెంచలమ్మ వైపు తిరిగింది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, దగ్గరికి తీసుకోలేదు. మూకుడు ధర చెప్పే గొంతుతోనే చెప్పింది. "నేను చెప్పింది తప్పు. ఈ పిల్ల పారబోయలేదు. మాత్రలూ తినింది, పులుసూ తినింది. దీని ఒంట్లో తలుపు తెరుచుకోదు. పుట్టుకతో అంతే. దీన్ని దొంగ అన్నది నేను. కాదు అనేది కూడా నేనే. ఇంక ఎవురైనా ఆ మాటంటే నా దగ్గరికి రండి."

చెంగమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. "ఆ కుక్క నా చేప తలకాయలు తిని బలిసింది పిల్లా. నాకు తెలుసు. నేను నవ్వులాటకన్నా" అన్నది. మస్తాన్‌బీ ఆమెను చూసి, "నువ్వు నవ్వులాటకంటివి. నేను నిజమనుకుంటిని. ఎవురిది ఎక్కువ?" అన్నది. 

పెంచలమ్మ వెంటనే కరిగిపోలేదు. నా బిడ్డ అని చెప్పడం కాదు, అది ఉన్నదే అంత. "నన్ను కుక్కకు పెట్టే పిల్ల అంటుండారు కాలేజీలో. ఆడ కూడా చెప్తావా?" అని అడిగింది.

"చెప్తా. పద" అన్నది మస్తాన్‌బీ, చెప్పులు వెతుక్కుంటూ. ఆమె నిజంగానే బయలుదేరింది. నా బిడ్డ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దులే బూబమ్మా. రేపు సూదిమందు. దానికి రా" అన్నది.

సూదిమందుకు ఆమె వచ్చింది. తర్వాత ప్రతిసారీ వచ్చింది. మందు చుక్క చుక్కగా నరంలోకి దిగుతుంటే గంటలు పట్టేది. ఆ కాస్త తీరికలో పెంచలమ్మ నాకు గోడ మీది రాతలు చూపించి అక్షరాలు నేర్పింది. మస్తాన్‌బీకి కూడా నేర్పబోతే, "నాకు వద్దు, మీ అమ్మకు చెప్పు. అది రాయాల్సింది చాలా ఉండాది" అన్నది. ఏం రాయాలో నాకప్పుడు తెలియదు. పెంచలమ్మ రక్తం కొంత పెరిగింది. పూర్తిగా కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఎండలో ఎక్కువసేపు నిలబడలేదు. కాని ప్రార్థన వరుసలో పడిపోయిన పిల్ల, మెట్లెక్కి డిగ్రీ పరీక్షలు రాసింది. మూకుళ్ళ అమ్మకం కొన్నాళ్ళు తగ్గిందనే కరీమ్ అన్నాడు. మస్తాన్‌బీ మాత్రం అమ్మే మాట మార్చింది. "చాలామందికి రక్తం పడతాది. పడకపోతే మూకుడును తిట్టొద్దు, మనిషిని తిట్టొద్దు, ఆసుపత్రికి పోండి" అనేది. అంత పొడుగు మాట విని కొనేవాళ్ళు కొన్నారు.

పిల్లకు పెళ్ళి వయసు వచ్చాక మా తమ్ముడు తన కొడుక్కు అడిగాడు. నేను డాక్టరమ్మను అడిగి వచ్చాను. ఆ చెడిన జన్యువు మా తమ్ముడి దగ్గర కూడా ఉండొచ్చు, వాడి కొడుకు దగ్గర ఉండొచ్చు, ఉంటే పుట్టే బిడ్డలకు ఇదే గతి పట్టొచ్చన్నారు. తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాను. "సూదులు పొడిపించుకునే పిల్లను ఇంకెవురు చేసుకుంటారే? అన్నదమ్ముల ఇంటి గడప కాదంటావా?" అన్నాడు. కాదంటున్నానన్నాను. నా పెళ్ళికి ఎవరూ ఇవన్నీ అడగలేదు. తెలియదు కాబట్టి అడగలేదు. తెలిశాక కూడా అడగకపోతే అది తెలివితక్కువ కాదు, పాపం. తమ్ముడు అప్పటి నుంచి మా గడప తొక్కలేదు. అది నాకు బాధే, అబద్ధం చెప్పను. పెంచలమ్మ ఈ సరస్సు పల్లెకు, మాకేమీ కాని ఇంటికి కోడలిగా వచ్చింది. జబ్బు సంగతి ముందే చెప్పాం. దాని కూతురి రెప్ప నేను ఎండలో నిలబెట్టి చూశాను. ఎర్రగా ఉంది.

మస్తాన్‌బీ పోయి నాలుగేళ్ళయింది. ఖబరస్తాను లోపలికి ఆడవాళ్ళు పోరాదన్నారు. గోడ బయట నిలబడ్డాం, నేనూ పెంచలమ్మా. మట్టి పోసే చప్పుడు గోడ దాటి వినిపించింది. పెంచలమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడే ఉన్నాను.

మొన్న ఈ ఊళ్ళో ఒక చూలాలిని అందరూ చుట్టుముట్టి తిడుతున్నారు, మాత్రలు మింగడం లేదని. పిల్ల మింగుతున్నానని ఏడుస్తోంది. నేను మధ్యలో దూరి, మీరెవరైనా దాని పక్కన కూర్చుని చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు. అయితే ముందు చూడండి, తర్వాత తిట్టండి, చూశాక తిట్టాల్సింది మిమ్మల్నే అయితే అదీ అందరి ముందరే తిట్టుకోండి అన్నాను. ముసలిదానికి నోరెక్కువని గొణుక్కున్నారు. ఎక్కువే. ఆ నోరు నాకు ఇచ్చిన మనిషిది ఇంకా ఎక్కువ. మనకు నమ్మకం ఉన్నది కూడా తప్పు కావచ్చని, ఆ తప్పు ఎంతమంది ముందు చేశామో అంతమంది ముందే దింపుకోవాలని నాకు ఎవరూ బళ్ళో చెప్పలేదు. నేను బడికి పోలేదు. వీధిలో చూసి నేర్చుకున్నాను.

ఆ శుక్రవారం పదకొండున్నరకు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. అంగడి మెట్టు మీద మస్తాన్‌బీ. ఆమె వెనకగా, తలొంచుకుని కరీమ్. గంప పక్కన చెంగమ్మ. చేతిలో ఖాళీ గ్లాసులతో రమణయ్య. రెండు చేతుల్లో మూకుడు పట్టుకుని, అంతా విని కూడా దాన్ని కింద పెట్టని ఆ రైతు. ఆయన పేరు అడగడం మరిచాను. నేను, కోటమ్మను. అందరి నడుమ, తల పైకెత్తి, నా కూతురు పెంచలమ్మ.